ఎండను కుట్టిన చేతులు

గాజుతో కళాఖండములు సృజించువారిని గూర్చి తలచినప్పుడెల్ల మన మనస్సు నీటియొడ్డున వెలసిన నగరములవైపు, తెల్లని యిసుక పుష్కలముగ దొరకు తీరములవైపు, కొలుములు రాత్రింబవళ్లు చల్లారక మండుటకు వలసినంత వంటచెఱకు గల అరణ్యసీమలవైపు పోవును. 1291వ సంవత్సరమున వెనిస్ ప్రభుత్వము నగరమునకు అగ్నిభయము తప్పించుటకై గాజుకొలుముల నన్నిటిని మురానో ద్వీపమునకు తరలించినది మొదలు, ఆ కళకు చరిత్ర వ్రాసినవారు ఇసుకను, నిప్పును, ఊదువాని ఊపిరిని గూర్చియే విస్తరించి వ్రాసిరి. ఆ మూటికంటెను ముందు చెప్పవలసినది వెలుతురు. చీకటింట పెట్టిన గాజుగిన్నెకును మట్టిమూకుడునకును భేదమేమియు లేదు. కిటికీ తెఱచి ఒక్క కిరణమును లోనికి రానిచ్చినప్పుడే అది గాజగును. కనుక గాజుపనివారికి ప్రేరణ యెచ్చటినుండి వచ్చునని యెవరైన నడిగినచో, వారి సీమలో వెలుతురెట్టిదో ముందు చూడుమని నేను చెప్పుదును. అట్లు చూడబూనినవాని కన్నులు తెలుగుదేశమున మొట్టమొదట నిలువవలసిన చోటు అనంతపురపు మెట్ట.

ఈ మెట్టకు రెండు ఋతుపవనములును దూరపు చుట్టములే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలకు ఆవలనే తన భారమును చాలవఱకు దించుకొని వట్టి గాలిగ ఇటు వచ్చును. ఈశాన్య ఋతుపవనము బంగాళాఖాతమునుండి బయలుదేఱి నెల్లూరు, చిత్తూరు సీమలను తడిపి ఇచ్చటికి చేరులోపల సత్తువ కోల్పోవును. ఏడాది పొడుగునను కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు, అదియు నమ్మరానిది. పెన్న, చిత్రావతి, వేదవతి పటములలో నీలిరేఖలై కనబడునుగాని, సంవత్సరములో అధికభాగము అవి ఇసుకబాటలు. ఎఱ్ఱనేలలో వేరుసెనగ విత్తి, ఆకాశమువంక చూచి చూచి, ఊడలు దిగువేళ వాన మొగము చాటుచేయగా ఎండిన తీగను పెఱికి పశువులకు వేసిన రైతు లేని పల్లె ఈ సీమలో లేదు. ఇంతటి లేమిలో ప్రకృతి లోభము చూపని వస్తువు ఒక్కటి, ఎండ. తేమలేని గాలిలో, చెట్టునీడ లేని బయళ్లలో, గుండ్రాళ్లు పేర్చినట్లున్న గుట్టలమీద ఆ ఎండ అడ్డములేక ప్రసరించుటచేత, కోసెడు దూరమున నడచుచున్న మనిషి చంకలోని ఇత్తడిబిందె తళుక్కుమనుట సైతము ఇచ్చటివారికి స్పష్టముగ కనబడును.

మెఱపును దూరమునుండి పసిగట్టు ఈ చూపు మా సీమవారికి పుట్టుకతో వచ్చినదేమో యని నాకు తోచుచుండును. తొలకరి జల్లు పడినదే తడవుగ వజ్రకరూరు చుట్టుపట్ల చేలలో జనులు, ఊరివారును పొరుగు జిల్లాలనుండి మూటాముల్లెతో వచ్చినవారును, నడుములు వంచి నేలచూపులు చూచుచు తిరుగుట ప్రసిద్ధమే కదా. పైమట్టి కొట్టుకొనిపోయిన చోట వజ్రము బయటపడునను ఆశకు శాస్త్రాధారము లేకపోలేదు. వజ్రములను భూగర్భమునుండి పైకి తెచ్చు కింబర్లైటు శిల ఆ ప్రాంతమున కలదు. దొరికిన రాతిని తుడిచి, సూర్యున కెదురుగ పట్టి, ఇది వజ్రమా, పలుగురాయా, పగిలిన సీసా ముక్కయా యని తేల్చుకొనుటలో ఆ వెదకువారు చూపు నేర్పు రత్నపరీక్షకుల నేర్పునకు తీసిపోదు. ఇక నంబులపూలకుంట ప్రాంతమున 2016లో తొలివిడతగ 250 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించిన పిమ్మట, బీడునేలలపై గాజుపలకలు బారులుతీరి సూర్యునివంక మొగము లెత్తి నిలిచినవి. ఎండకూడ ఒక పంటయే యని లోకము అప్పుడు గుర్తించినది. కాని ఈ ఎండను గాజుతో పట్టి వినియోగమునకు తెచ్చుట మా సీమలో అదియే మొదలు కాదు. సుగాలీ తండాల స్త్రీలు సూదీదారములతో ఆ పనిని తరతరములుగ చేయుచు వచ్చిరి.

వారి వేషమును చూడని తెలుగువా రరుదు. కుచ్చెళ్ల పావడ ఫేటియా, వీపున దారములతో ముడివేసికొను రవిక కాంచళి, తలమీదుగ దిగు మేలిముసుగు టుక్రి. ఈ మూటిపైనను ఎఱుపు, పసుపు, నీలి దారముల కుట్టుపని, గవ్వలు, పూసలు, నాణెములు, ఉన్నికుచ్చులు. వాటి నడుమ నడుమ రూపాయి బిళ్ళంతవి, చింతగింజంతవి అద్దములు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణదేశపు కులములను గూర్చి ప్రకటించిన ఏడు సంపుటములలో లంబాడీ స్త్రీల అలంకారమును గూర్చి విపులముగనే వ్రాసెను; పిమ్మట వచ్చిన యాత్రికులును, ఛాయాగ్రాహకులును ఆ వేషమును వర్ణించి వర్ణించి విసుగొందలేదు. అందఱును దానిని అలంకారమనియే వ్రాసిరి. అది గాజుపని యనియు, ఆ పని చేసిన స్త్రీ గాజుకళలో ఒక స్వతంత్రమార్గమునకు కర్త్రియనియు చెప్పినవారు తక్కువ.

ఈ మాటను నేను గట్టిగ చెప్పుటకు కారణము తెలియవలెనన్నచో వారి నడక తెలియవలెను. సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని చోటికొక పేరున పిలువబడు ఈ ప్రజలు పూర్వము ఎద్దులపై ఉప్పును, ధాన్యమును వేసికొని దేశము నడ్డముగ కొలిచినవారు; మొగలు సైన్యములు దక్కనునకు దిగినప్పుడు వారికి తిండిగింజ లందించినవి వీరి బిడారులే. వీరి ఆరాధ్యుడగు సేవాలాల్ మహారాజు 1739లో మా గుత్తికి సమీపమున జన్మించెనని సంప్రదాయము. నేడు సేవాగఢ్ అని పిలువబడు ఆ చోటికి ఏటేట ఫిబ్రవరి 15వ నాటి జయంతికి పలు రాష్ట్రములనుండి భక్తులు వత్తురు. 1871లో మద్రాసునుండి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగ వచ్చిన రైలుదారి రాయచూరువద్ద బొంబాయిదారితో కలిసినది. ఎద్దు మోయు బరువును ఇంజను మోయసాగినది. ఎద్దుల వెంట నడచినవారికి జీవనము పోయినది. ఆ 1871లోనే కొన్ని జాతుల ప్రజలను పుట్టుకచేతనే నేరస్థులుగ నెంచు చట్టమును ఆంగ్లప్రభుత్వము చేసినది; 1911లో అది మద్రాసు రాజధానికిని విస్తరించినది; స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1952లోగాని అది తొలగిపోలేదు. సంచారియన్నచో దొంగయని పోలీసువాడు తలచిన కాలమది. అట్టి కాలమున నలుగురి కంటబడక ఒదిగియుండుటయే క్షేమమని యెవరైన తలతురు. ఈ స్త్రీలు మాత్రము రెండు పొలముల ఆవలినుండియు కనబడునట్లు ఒడలెల్ల అద్దములు కుట్టుకొని తలయెత్తి నడచిరి. దీనిని ఉత్త అలంకారమని నేనెట్లు అనగలను?

వారు కుట్టిన అద్దము వారు చేసినది కాదు. ఈ దేశమున కుట్టుపని అద్దములకు పేరెన్నికగన్న చోటు గుజరాతులోని కపడ్‌వంజ్. అచ్చట పనివారు కరగిన గాజును గొట్టముతో ఊది పెద్ద బుడగ చేసి, దానిలోనికి కరగిన సీసమును పోసి, బుడగను గిరగిర త్రిప్పుదురు. లోపలివైపంతయు సీసపుపొర పట్టి బుడగ యెల్ల దర్పణమగును. ఇంత శ్రమపడి చేసిన ఆ నిండుగోళమును తరువాత వారే పగులగొట్టుదురు. ఆ పెంకులను చిన్న చిన్న బిళ్ళలుగ కత్తిరించి సంతలకు పంపుదురు. పశ్చిమదేశపు పండితులు కొందఱు యూరపులోని మధ్యయుగపు అద్దములు ఎట్లు తయారైనవో తెలిసికొనగోరి, ఆ పద్ధతి ఇంకను సజీవముగ నున్న కపడ్‌వంజ్‌కు వచ్చి పరిశీలించిరి. గోళమునుండి వచ్చుటచేత ప్రతి బిళ్ళకును కంటికి తెలిసీ తెలియనంత వంపుండును. ఆ వంపు విలువ నాకు తెలిపినది పుస్తకము కాదు, కదిరివైపు ఒక తండాలో వేపచెట్టు క్రింద పాత కాంచళిని బాగుచేయుచున్న ఒక ముసలమ్మ.

ఆమె రెండు బిళ్ళలను అరచేత పెట్టి చూపెను. ఒకటి సంతలో క్రొత్తగ కొన్నది, మఱియొకటి పాతగుడ్డనుండి విప్పి తీసినది.

"ఇది చదును బిళ్ళ నాయినా. మొగం జూసుకునేకి పనికొస్తాది గానీ మెరిసేకి పనికిరాదు. ఈ పాతది సూడు, వంపుండాది. యా పక్క తిరిగినా ఎండను పట్టుకుంటాది."

చదునైన అద్దము ఒక్క దిక్కుననే కాంతిని త్రిప్పికొట్టును. మనిషి కదలినచో ఆ మెఱపు తప్పిపోవును. ఉబ్బెత్తు అద్దము ఆకాశమునంతటిని తనలోనికి ముడుచుకొని, ఏ వైపునుండి చూచినవానికైనను ఒక సూర్యబిందువును చూపును. వెలుతురుశాస్త్రపు గ్రంథమున రేఖాచిత్రములతో చెప్పు ఈ సంగతి ఆమెకు చేతివ్రేళ్లలో నున్నది.

"ఊడిపోదా అవ్వా?" అని యడిగితిని.

"యాడ ఊడ్తాది! గుడ్డ చినిగినా అద్దం పోదు," అని, నాకు కనబడునట్లు పని మొదలుపెట్టెను. ఆ బిళ్ళకు రంధ్రము లేదు, జిగురు లేదు. బిళ్ళను గుడ్డపై పెట్టి ఎడమచేతి బొటనవ్రేలితో అదిమి, అంచునకు కొంచెము లోపలగ నిలువున రెండు దారములు, వాటిపై అడ్డముగ రెండు దారములు చెక్కెను. బిళ్ళ ఒక చదరపు పంజరములో చిక్కినది. ఇంకను వదులుగనే యున్నది. అటుపిమ్మట సూదిని ఆ దారముల క్రిందుగ దూర్చి, గుడ్డలో చిన్న కుట్టుగ దింపి, మెడవేసి లాగెను. లాగినప్పుడెల్ల పంజరపు దారము కొంచెము కొంచెముగ అంచువైపు జరిగినది. ఒక చుట్టు పూర్తియగునప్పటికి నాలుగు మూలల చదరము పోయి నిండువలయము మిగిలినది. అద్దమునకు దారపు గోడ లేచినది. పనిలో ఎచ్చటను బలము కనబడలేదు, కాని నేను గోటితో పీకి చూచిన నది కదలలేదు. ఆ వలయపు కుట్టులో ఏ రంగు తరువాత ఏ రంగు రావలయునో ఆమె ఒక్కసారియైన ఆలోచించినట్లు నాకు తోపలేదు.

ఇన్ని అద్దములెందుకని యడుగగా, "అద్దాలు లేకుంటే అది ఫేటియా ఎట్లయితాది?" అని ఆమెయే నన్నడిగెను.

ఈ ప్రశ్నకు పైవారు చెప్పు సమాధానములు పెక్కులు కలవు. అడవిదారుల నడచునప్పుడు మృగములు మెఱపునకు బెదరి తొలగునని కొందఱు. దిష్టి తగిలినచో అద్దమునుండి తిరిగి పోవునని మఱికొందఱు. చుక్కల ఆకాశమునకు ప్రతిరూపమని కవిహృదయులు. వీనిలో దేనిని నేను తోసివేయజాలను. అయినను ఈ మెట్టమీద పుట్టి పెరిగినవానిగ నాకు తోచునది వేఱు. బిడారు నడచునప్పుడు ముందు పోవు ఎద్దులకును వెనుక వచ్చు స్త్రీలకును నడుమ క్రోసెడు దూర ముండుట వింత కాదు. నీడలేని ఇట్టి బయలులో, దుమ్ములో, మనిషి ఆకారము కరగిపోవు దూరమునుండియు ఒక అద్దపు తళుకు కనబడును. ఆ తళుకు తనవారున్నారని చెప్పును. ఇది నా యూహ; దీనికి సాక్ష్యము తెమ్మన్నచో మండువేసవిలో గుత్తికోట గుట్టపైనుండి క్రింది దారులవంక చూడుమనుట తప్ప నాయొద్ద మఱియొకటి లేదు. గాజుకళకు ప్రేరణ సౌందర్యదాహమొక్కటియే యని నేననుకొనను. తన్నెవరో దూరమునుండి గుర్తించవలెనను కోరికయు, తనవారిని తాను గుర్తించవలెనను కోరికయు అందు కలసి యుండవచ్చును.

కాలముకూడ ఒక ప్రేరణయే. పెండ్లికూతురు ఫేటియా ఒక్క ఋతువులో పూర్తియగునది కాదు. వాన వచ్చినచో కలుపుతీతయు, కాయకోతయు చేతులకు తీరిక నీయవు. వాన రానిచో తీరిక తప్ప మఱేమియు మిగులదు. ఆ బీదతీరికలో, బెంగుళూరికో మఱియొక చోటికో కూలికి వలసపోయిన మగవారి కబురుకై యెదురుచూచు దినములలో, తల్లి కుట్టుచుండగా కూతురు సూదిలో దారమెక్కించుచు నేర్చినది ఈ విద్య. వరుస తప్పిన వానలు ఈ అద్దముల వెనుక ఎన్ని యున్నవో లెక్కించువారు లేరు.

ఇచ్చట దూరదేశపు ముచ్చట యొకటి చెప్పక తప్పదు. అమెరికాలో డేల్ చిహులి యను గాజుకళాకారుడు జగత్ప్రసిద్ధుడు. 1968లో వెనిస్‌కు పోయి వెనీనీ కర్మాగారమున పని నేర్చి, 1971లో వాషింగ్టన్ రాష్ట్రమున పిల్చక్ గాజువిద్యాలయపు స్థాపకులలో నొకడయ్యెను. 1976లో ఇంగ్లండులో మోటారు ప్రమాదమున ఎడమకంటి చూపు పోయినను కళను విడువలేదు. ఆతనికి మొదటి గొప్ప పేరు తెచ్చిన కృతులలో ఒక వరుస 1975 నాటి గాజుస్తంభికలు. వాని ప్రేరణ ఎచ్చటిదనుకొందురు? అమెరికాలోని నవాహో జాతి స్త్రీలు మగ్గముపై నేయు కంబళ్ల వన్నెచిన్నెలు. సన్నని రంగుగాజుదారములను అల్లికగ పరచి, వేడి గాజుగోళమును వానిపై దొర్లించి, కంబళి నమూనాను గాజునకు అంటించెను. వెంటనే 1977లో, టకోమా నగరపు చరిత్రసంగ్రహాలయమున ఆదివాసుల బుట్టలు తమ బరువునకు తామే వంగి సొట్టపడి యుండుట చూచి, గాజుబుట్టలు చేసెను. ఒక మెట్టసీమ, ఎండసీమ స్త్రీలు నేసిన గుడ్డను ఆతడు గాజులోనికి తెచ్చెను. మా మెట్టసీమ స్త్రీలు గాజును గుడ్డలోనికి తెచ్చిరి. రెంటియందును దారమును గాజును కలిసినవి; రెంటిని చూచినను మనస్సు నిండును. చిహులి కృతులకు సంగ్రహాలయములలో పేరు, సంవత్సరము, కర్త పేరు వ్రాసిన పలక యుండును. ఫేటియాకు 'లంబాడీ దుస్తు' అని మాత్రమే యుండును. ఆతని గొప్పతనమును నేను ఇసుమంతయు తగ్గింపను. ఆ పలకమీద రెండవచోట కూడ ఒక మనిషి పేరుండవలెనని మాత్రమే నా వేడుకోలు.

పేరు పెట్టి పిలిచినప్పుడు కళకు ఎంత మేలగునో తెలియుటకు మా జిల్లాలోనే ఒక నిదర్శనము కలదు. ధర్మవరమునకు సమీపమున నిమ్మలకుంట యను పల్లె యున్నది. జిల్లా రెండుగ చీలినప్పుడు, 2022లో, అది శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినదిగాని, మాకు అది ఎప్పటికిని అనంతపురమే. అచ్చటివారు తోలుబొమ్మలాట వారు. గాజు వారి చేతిలో లేదు. మేకతోలునే వారు గాజుచేయుదురు. తోలును వేడినీట నానవేసి, వెండ్రుకలు తొలగించి, లాగికట్టి రెండువైపులను గీకి గీకి ఎండలో ఆరవేసినచో అది వెలుతురును లోనికి రానిచ్చు పలుచని పొరయగును. దానిపై వెదురుకలముతో నల్లగీతలు గీచి, రంగులు రెండు ముఖములకును నింపి, నగలున్న చోటులెల్ల చిన్న చిన్న ఉలులతో పొడిచి చిల్లులు చేయుదురు. బొమ్మ పగటివేళ గోడనానించియున్నప్పుడు సీతమ్మవారి కంఠమున ఏమియు లేదు, వట్టి రంధ్రములు. తెరవెనుక దీపము వెలిగినదో, ఆ రంధ్రములే ముత్యములగును, మెడనిండ మెఱయును. యూరపు దేవాలయములలో రంగుటద్దముల కిటికీలు చేసిన పనియే ఆముదపుదీపపు వెలుగున మా పల్లెలలో తోలు చేసినది. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినప్పుడు ఆ పల్లె పేరు దేశమంతట మ్రోగినది. నేడు అచ్చట దీపపుగుడ్లకు తొడుగులుగ కూడ తోలుచిత్రములు చేయుచున్నారు. నగరపు ఇండ్లలో రాముడును హనుమంతుడును విద్యుద్దీపము చుట్టు వెలుగుచున్నారు. ఆట తగ్గి అలంకరణ పెరిగినదని బాధపడువారితో నేను ఏకీభవింతునుగాని, కడుపు నింపిన మార్పును నిందింపజాలను.

పేరు లేకపోయినచో ఏమగునో తెలియుటకు ఇంకొక యూరు చెప్పవలెను. రాయలసీమలోనే, రేణిగుంటకు చేరువ, పాపానాయుడుపేట కలదు. అచ్చటి పనివారు గాజుపూసలు చేసిన పద్ధతి మిక్కిలి ప్రాచీనము: కొలిమిలో కరగిన గాజును పొడవైన ఇనుపగొట్టపు కొనకు ముద్దగ చుట్టి, నడుమ బోలుచేసి, ఆ ముద్దనుండి ఒకడు సన్నని గాజుగొట్టమును ఎడతెగక లాగుచుండును, లాగిన గొట్టములను ముక్కలుచేసి, బూడిదలో కలిపి మరల వేడిచేసినచో కోసిన అంచులు నునుపెక్కి పూసలగును. పుదుచ్చేరివద్ద అరికమేడులో క్రీస్తునకు పూర్వమే ఈ విధమున పూసలు తయారైనవి. ఆఫ్రికా తీరమునుండి కొరియా, జపానులవఱకు త్రవ్వకములలో అవి దొరకినవి. పూసల చరిత్రకే జీవితము నర్పించిన పీటర్ ఫ్రాన్సిస్ ఆ రహస్యమును విప్పుటకు పాపానాయుడుపేట కొలుముల ముందే నిలువవలసివచ్చెను. రెండువేల యేండ్లనాటి పని అచ్చట ఇంకను చేతులలో నున్నది గనుక. ఇన్ని సముద్రములు దాటిన ఆ పూసలలో ఒక్కదానిపైనను చేసినవాని పేరు లేదు. గుత్తి సంతలో సుగాలీస్త్రీ కొని కాంచళిపై కుట్టుకొన్న పూస ఏ కొలిమినుండి వచ్చినదో ఆమెయు నెఱుగదు.

సుగాలీ కుట్టుపనికి మంచిదినములు పూర్తిగ పోలేదు. మా పొరుగున, బళ్లారిసీమలోని సండూరులో, లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. కీలన్, వేలె, రేలో మొదలగు కుట్టుల పేర్లు ఆ స్త్రీల నోట మాత్రమే యుండెడివి, ఇప్పుడు కాగితములమీదికిని ఎక్కినవి. 2023 జూలైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశము జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కలసి 1,755 వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ పుస్తకమున కెక్కిరి. ఇది సంతోషింపదగిన సంగతియే. తండాలోనికి పోయి చూచినచో వేఱొక దృశ్యము. యువతులు చీరకును, పంజాబీ దుస్తులకును మారిరి. బరువైన ఫేటియా పెండ్లికో, తీజ్ పండుగకో, నాయకులు వచ్చిన సభలో నృత్యమునకో మాత్రమే పెట్టెలోనుండి వెలికి వచ్చును. బడికి పోవు పిల్ల ఆ బరువును మోయనొల్లదనుటలో అన్యాయమేమియు లేదు, ఆమె చదువుకొనవలెను. వచ్చిన చిక్కు మఱియొకటి. అద్దపుబిళ్ళలకు బదులు మెఱుగుకాగితమును అంటించిన ప్లాస్టిక్ బిళ్ళలు చవుకగ దొరకుచున్నవి; ఎండకు అవి ఏడాదిలో మసకబారును. పాత ఫేటియాలను వ్యాపారులు తండా తండాకు తిరిగి కొని, ముక్కలు కోసి, సంచులుగ, దిండుగలీబులుగ కుట్టి నగరములలో అమ్ముచున్నారు. ఆ ముక్కలలో కుట్టిన చెయ్యి ఎవరిదో, ఏ తండాదో, ఏ పెండ్లికి కుట్టినదో, ఆ జాడ ఆ క్షణముననే తెగిపోవును.

అనంతపురము, కదిరి, గుత్తి ప్రాంతముల పాఠశాలలలో ఉపాధ్యాయులుగ నున్న నా మిత్రులను, తండాలనుండి చదువుకొని వచ్చిన యువతీయువకులను నేను కోరునది యిది. మీ అవ్వయింట పెట్టెలో ఫేటియాగాని కాంచళిగాని యున్నచో దానిని ముక్కలకు అమ్మనీయకుడు. దానిని ఎవరు కుట్టిరో, ఏ యేట కుట్టిరో, అద్దములు ఏ సంతనుండి తెచ్చిరో ఆమె బ్రతికి యుండగనే యడిగి, ఒక కాగితముమీద వ్రాసి, ఆ గుడ్డతోనే మడిచి పెట్టుడు. సంతలోగాని ప్రదర్శనలోగాని ఇట్టి సంచిని కొనువారు కుట్టినామె పేరడుగుడు. అంగడివాడు చెప్పలేనిచో, మరుసటిసారి తెలిసికొని వ్రాసి పెట్టుమని చెప్పి రండు.